కూత తెగిన చోటు

ముప్పై ఏళ్ళుగా నా ఉద్యోగం చెవి.
బళ్ళో డ్రిల్లు మాస్టారిని, బరిలో అంపైర్ని.
కాలు గీత దాటిందో లేదో చెప్పడానికి
గీత పక్కన మనుషులుంటారు.
కూత తెగిందో లేదో చెప్పడానికి
నేనొక్కణ్ణే,
విజిలు పళ్ళ మధ్య పెట్టుకుని
కుర్రాడి నోటి వెనకాలే నడుస్తూ.

రాజోలు అవతల రైసుమిల్లు వెనక,
దాళ్వా కోసిన మడిలో
ఇదివరకు ఊకా ఇసకా కలిపి పోసేవాళ్ళం.
మోకాళ్ళు చెక్కుకుపోతే పసుపు అద్దేవాళ్ళం.
మైకులో మా గుబ్బల సూరన్న
"అదిగో వత్తన్నాడండీ పల్లపువీధి పీతల గంగరాజు,
మొన్న వల లాగి ఎడంభుజం పట్టేసిందంట,
అయినా వచ్చాడండీ, ఆయ్!" అనేవాడు.
అవతలి జట్టు ఆ భుజమే పట్టుకునేది.
సూరన్నకి తిట్లు పడేవి,
మరుసటేడు మళ్ళీ పిలుపొచ్చేది.

ఈ ఏడు నీలం మ్యాట్లు వచ్చాయి.
వెదురు గెడలకి నాలుగు కెమెరాలు,
నెత్తిమీద తూనీగలా డ్రోను,
మిల్లు గోడకి ఇంత పెద్ద తెర.
ట్రాక్టరు తొట్టిలో రెండు లాప్‌టాపులు,
వాటి ముందు సత్యవేణి,
పాలకొల్లులో పెళ్ళి వీడియోలు కోసి కుట్టే పిల్ల.
సూరన్నకి కాగితం ఒకటి ఇచ్చారు:
ఇంటిపేర్లు వద్దు, వీధి పేర్లు వద్దు,
మస్కట్‌లో చూసేవాళ్ళకీ అర్థం కావాలి.
రెండు ఆటలు చెప్పి
గొంతు బాగోలేదని బెంచీ మీద కూచున్నాడు.
గొంతు బాగానే ఉంది.

ఫైనల్. ఇద్దరికీ ముప్పై. ఆఖరి కూత.
నరసాపురం కుర్రాడు యెహోషువ వచ్చాడు.
ఒకణ్ణి తాకాడు, తిరిగాడు,
చీలమండ చిక్కింది.
మీద ఆరుగురు పడ్డారు.
ఆ గుట్ట కింద నుంచి ఒక చెయ్యి
పాకి పాకి గీత ముట్టుకుంది.
తెగిందన్నారు మావాళ్ళు.
తెగలేదన్నాను.
"రీప్లే!" అన్నారెవరో.
ఆ మడిలో ఆ మాట వినపడడం అదే మొదలు.

తెర మీద మళ్ళీ వచ్చాడు, నెమ్మదిగా.
నరాలు కనపడుతున్నాయి, చెమట బొట్టు కనపడుతోంది,
పెదాలు ఆడుతున్నాయి.
కూత లేదు.
జనం ఇంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూళ్ళేదు.

సత్యవేణి తొట్టిలోంచి వంగి చెప్పింది:
"నాయిస్ తీసేత్తదండీ మాస్టారూ, దానంతటదే.
ఆగకుండా ఒకేలా వచ్చిందంతా దానికి చప్పుడే.
జనరేటరూ, రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లూ..."
ఒక్క గుక్కలో, ఆగకుండా, ఒకేలా.
కూతంటే అదే కదమ్మా.
నాలుగు రాత్రులుగా మస్కట్‌లో
మా కుర్రాళ్ళు కూతలేకుండానే కూతకెళ్ళారన్నమాట.
రూలు ప్రకారం అందరూ అవుటే.

నా చెవి మీద ఒట్టేసి పాయింటిచ్చాను.
కప్పూ పొట్టేలూ నరసాపురానికి పోయాయి.
మావాళ్ళెవరూ నాకు టీ చెప్పలేదు.

మ్యాట్లు చుట్టేశాక పిలిచింది ఆ పిల్ల.
"అసలు సౌండు వేరేగా దాచుంటదండీ, వింటారా?"
చెవులకి తగిలించింది.
కప్పలు. జనరేటరు. ఎవరిదో దగ్గు.
బెంచీ దగ్గర, ఎవరికీ కాకుండా, సూరన్న:
"యెహోషువండీ, పంటు మీద టిక్కెట్లు కోసే
దానియేలు మనవడండీ..."
తర్వాత కూత, కొబ్బరితాడు పేనినట్టు బిగువుగా.
చీలమండ దగ్గర
సగం ఊపిరంత సందు.
ఆ సందులో, అదే శృతిలో,
చెరువు మీద ఏరియేటరు.

మళ్ళీ వేయమన్నాను. మళ్ళీ వేసింది.
అక్కడ తాడు లేదు.
అతుకు వేసింది నా చెవి.

"ఉంచనా, తీసెయ్యనా మాస్టారూ?"
ఆమె వేలు మీట మీద ఉంది.
ఉంచమన్నాను.
ఎవరికి చూపించాలో అడగలేదు, నేనూ చెప్పలేదు.
తూర్పున చెరువుల మీద తెల్లగా అవుతోంది,
చక్రాలు నీళ్ళు చిమ్ముతూనే ఉన్నాయి.
సఖినేటిపల్లి రేవులో
పొట్టేలు ఈపాటికి పంటు ఎక్కి ఉంటుంది.